లోపలి వైపు నాలుగు అంకెలు

ఆ వేసవి మా మరిది హ్యూబర్ట్ టైరు పేలడంతో మొదలైంది.

మే నెల మూడు రోజుల సెలవుకి మా ఊళ్ళో ఇంటిపట్టున ఉండేవాళ్ళు ఉండరు. మంచు కురిసినా సరే, అందరూ ట్రైలర్లు తగిలించుకుని హైవే పక్కనున్న కంకర గుంటకి వెళ్ళిపోతారు. రోడ్డు వేసినప్పుడు కంకర తవ్వుకుని వదిలేసిన గుంట అది. నీళ్ళు లేవు, కరెంటు లేదు, అద్దె లేదు. గాలి మాత్రం కావలసినంత. మళ్ళీ సెప్టెంబరు దాకా కాపురం అక్కడే, పనికి వెళ్ళి రావడం అక్కడినుంచే. న్యూఫౌండ్‌లాండ్‌లో సుఖమంటే ఇదేనని నమ్మే మనుషులం మేము.

హ్యూబర్ట్ ముందు వెళ్తున్నాడు. వెనక మా ఆయన లియాండర్ బండి తోలుతున్నాడు, నేను పక్కన కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటున్నాను. ఢామ్మని చప్పుడైంది. తలెత్తేసరికి హ్యూబర్ట్ ట్రైలరు కింద నుంచి నల్లటి రబ్బరు పేలికలు ఎగిరి మా మీదకి వస్తున్నాయి. "బ్రేకు!" అని నేను అరిచాకే లియాండర్ బ్రేకు వేశాడు. ముప్పై ఏళ్ళు ఇదే హైవే మీద మంచు తోసే బండి నడిపిన మనిషి. నేను అరవాల్సి వచ్చిందేమిటని ఆ రోజు నాకు తట్టలేదు.

దిగి చూస్తే చక్రం పైనున్న నేల చెక్క చీలిపోయింది. నీళ్ళ గొట్టం తెగింది. సీసాల్లో నిలవ పెట్టుకున్న మాంసం అంతా, సీసాలు పగిలి, నేలపాలైంది.

"మాంసం పోయింది వదినా!" అన్నాడు హ్యూబర్ట్.

"నువ్వు పోలేదు, సంతోషించు" అన్నాను.

"అది కాదొదినా, ఆ టైరు గాడి చూడు. వేలు పెడితే సగం వేలు దిగుతుంది. కొత్తదాన్లా ఉంది కదా!"

లియాండర్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ టైరు పక్క గోడని అరచేత్తో తడిమాడు. "ట్రైలరు టైరు అరిగి చావదురా, ముసలిదై చస్తుంది. ఏడాది మొత్తంలో నువ్వు దీన్ని తిప్పేది నూట అరవై కిలోమీటర్లు. మిగతా రోజులన్నీ ఎండకీ ఉప్పు గాలికీ నిలబడి ఎండిపోతుంది. పక్కన నాలుగంకెలు ఉంటాయి చదువు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. ఆరేళ్ళు దాటితే తీసి పారెయ్యాలి."

హ్యూబర్ట్ వంగి చదివాడు. "నలభై... పదకొండు. అంటే పన్నెండేళ్ళా! ఓరి నాయనో." అప్పటికీ వాడి నోరు ఊరుకోదు కదా. "మరి నీవో అన్నయ్యా? నువ్వూ రిమ్ములతో సహా ఎవడి దగ్గరో పట్టుకొచ్చినవేగా?"

"నావి పంతొమ్మిది."

"చూశావా, అనుకున్నావా?"

మాది ఒకటే ఇరుసు, రెండు చక్రాలు. అంకెలున్న వైపు లోపలికి తిరిగి ఉంది. లియాండర్ ట్రైలరు కింద దూరాడు. కాసేపటికి బయటికి వచ్చి మోకాళ్ళు దులుపుకుని, "ముప్పయ్యో వారం, పంతొమ్మిది. ఇంకేమైనా అడగాలా?" అన్నాడు. హ్యూబర్ట్ నోరు మూసుకున్నాడు. వాడి స్టెపినీ కూడా ఆ వయసుదే అని తేలడంతో ఇంకా బాగా మూసుకున్నాడు.

గుంటలో ట్రైలరు సమంగా నిలబెట్టడానికి అందరూ చక్రం కింద చెక్కలు పెడతారు. లియాండర్‌కి ఓ సొంత పద్ధతి ఉంది. ట్రైలర్లో పొయ్యి మీది పెనంలో గుడ్డు కొట్టి పోస్తాడు. గుడ్డు ఏ పక్కకి జారితే దానికి ఎదుటి పక్క టైరులో గాలి వదులుతాడు. గుడ్డు పెనం మధ్యలో నిలిచేదాకా వదులుతూ పోతాడు. ఎవరికీ పట్టని ఈ విద్య తనొక్కడికే తెలుసని గర్వం. ఆ గుడ్లు తినేది మాత్రం నేను. వెళ్ళే ముందు పంపుతో మళ్ళీ నింపుతాడు. శనివారం శనివారం పొద్దున్నే, ఎండ తగలకముందే, పెన్నులాంటి కొలత గొట్టం తీసుకుని రెండు టైర్లకీ గుచ్చి చూస్తాడు. వదిలిన వైపు ఎంతున్నా పట్టదు, నిండుగా ఉండాల్సిన వైపు గాలి యాభై పౌన్లకి తగ్గకూడదు. "యాభై!" అని కేక పెడతాడు. పని లేని శనివారాల్లో ఆ కేకతోనే నేను టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టడం అలవాటు.

నేను పనిచేసే పీతల ఫ్యాక్టరీలో సీజను జులైలో అయిపోయింది. అప్పుడుగానీ నాకు శనివారాలు దక్కలేదు. రెండో శనివారం లియాండర్ "యాభై!" అని కేకేసి, కొలత గొట్టం మెట్టు మీద పెట్టి, పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. అది కాడ్ చేప పట్టుకోవడానికి అనుమతి ఉన్న వారం. ఆ గొట్టంలోంచి బయటికి వచ్చే పుల్ల మనం వెనక్కి తోసేదాకా ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. తీసి లోపల పెడదామని చేతిలోకి తీసుకున్నాను. ముప్పై నాలుగు దగ్గర ఉంది.

నేనే గొట్టం పట్టుకుని నిండుగా ఉండాల్సిన టైరుకి గుచ్చాను. ముప్పై నాలుగు. రెండోసారి గుచ్చినా అంతే.

నాకు ఒళ్ళు మండింది. నింపే ఓపిక లేక నోటికి వచ్చిన అంకె కేకేస్తున్నాడని అనుకున్నాను. నింపకపోతే పోయె, అబద్ధం ఎందుకు? ఈ టైరు మీదే కదా మే నెలలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ట్రైలరు లాక్కొచ్చాడు! ఆ వేడిలోనే కళ్ళజోడు పెట్టుకుని, బ్యాటరీ లైటు తీసుకుని, ట్రైలరు కింద వెల్లకిలా దూరాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో కంకర మీద వీపుతో పాకడం ఎలా ఉంటుందో వర్ణించను. టైరు పక్కన మట్టి నా పైచొక్కా అంచుతో తుడిచి చదివాను.

ఇరవై రెండు, పన్నెండు.

రెండో టైరూ అంతే. పదకొండేళ్ళ టైర్లు. పక్క గోడ మీద సన్నటి పగుళ్ళు, పాత పింగాణీ పళ్ళెం మీద ఉన్నట్టు. పంతొమ్మిది అన్న అంకె ఎక్కడా లేదు.

లియాండర్ మధ్యాహ్నం వచ్చాడు. బల్ల మీద చేపలు పరిచి కోస్తున్నాడు. మెడ దగ్గర ఒక కోత, పొట్ట వెంట ఒకటి, వెన్నెముక ఒక్క లాగు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"టైర్లది ఏ ఏడని చెప్పావు?"

"పంతొమ్మిది."

"పన్నెండు. నేను కింద దూరి చదివాను. గాలి ముప్పై నాలుగుంది, యాభై కాదు. నన్ను చంపుదామనుకున్నావా, నువ్వు చద్దామనుకున్నావా? అబద్ధాలాడే వయసా ఇది?"

కత్తి ఆగలేదు. ఆ చేప పూర్తిగా కోసి, ముల్లు బకెట్‌లో వేసి, అప్పుడు చెప్పాడు.

"అబద్ధం ఆడలేదే డ్రూసీ. అక్కడ ఏముందో నాకు కనపడలేదు. అందుకని గుర్తున్నది చెప్పాను. కొన్న ఏడు పంతొమ్మిది, గాలి ఎప్పుడూ యాభై."

"కనపడకపోవడమేంటి? కళ్ళజోడు పెట్టుకో."

"పెట్టుకున్నా అంతే. ఎటు చూస్తే అక్కడ మధ్యలో మసక. అంచులు బానే ఉంటాయి. ఇప్పుడు నీ మొహం లేదు. నీ చెవులున్నాయి, నీ వెనక హ్యూబర్ట్ ట్రైలరుంది."

"ఎప్పటినుంచి?"

"పోయినేడు మంచు కాలం నుంచి."

నేను ఒక్కో రోజూ వెనక్కి లెక్కపెట్టుకున్నాను. ఊళ్ళోకి వెళ్ళిన రోజులు, చర్చికి వెళ్ళిన ఆదివారాలు, హ్యూబర్ట్ టైరు పేలిన రోజు. అన్నిసార్లూ మా ఆయన ఎదురుగా ఏముందో కనపడకుండా, అంచులు చూసుకుంటూ బండి నడిపాడు. అన్నిసార్లూ నేను పక్కన కూర్చుని తల వంచుకుని అల్లుకుంటూనే ఉన్నాను. భయం వేసింది, కోపం వచ్చింది. అన్నిటికన్నా నా మీద నాకే అసహ్యం వేసింది. తిట్టడానికి నోరు తెరిచాను కానీ వచ్చింది వేరే మాట.

"తాళాలు ఎక్కడున్నాయి?"

లియాండర్ చేపల చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. నేను తీసి నా జేబులో వేసుకున్నాను. తర్వాత ఇద్దరం కలిసి ఆ చేపలకి ఉప్పు పట్టించాం.

సెయింట్ జాన్స్‌లో కంటి డాక్టరమ్మ మేము అనుకున్నదే చెప్పింది. వయసుతో వచ్చేది, పోదు, ఇక బండి ముట్టుకోవద్దంది. లైసెన్సు తీసేసుకున్నారు. తిరిగి వస్తుంటే లియాండర్ దారంతా కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గర పడ్డాక, "ట్రైలరు అమ్మేద్దాం" అన్నాడు. "లాగేవాడు లేనప్పుడు దేనికి? హ్యూబర్ట్‌ని ప్రతిసారీ బతిమాలుకుంటానా నేను?"

"నేను లాగుతాను" అన్నాను.

"నువ్వా!"

"నేనే. ఏం, నాకు చేతులు లేవా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ముందు టైర్లు మార్చాలి" అన్నాడు.

ఇరుసు కింద దిమ్మలు పెట్టి, రెండు చక్రాలూ విప్పి, స్టెపినీ కూడా వేసుకుని టైర్ల కొట్టుకి వెళ్ళాం. బండి నేనే తోలాను. కొట్టు సైలస్‌ది. మనిషి మంచివాడే గానీ, నిలవ సరుకు వదిలించుకోవాలన్న ఆత్రం ఎక్కువ.

"ఇవి తీసుకో తల్లీ, మెత్తగా పోతాయి" అని కారు టైర్లు చూపించాడు.

"మెత్తగా పోవడానికి నేను ట్రైలర్లో కూర్చోను" అన్నాను. లియాండర్ ముందే చెప్పి ఉంచాడు, కారు టైరు పక్క గోడ పల్చన, బరువైన డబ్బాని లాగితే మలుపుల్లో ఊగిపోతుందని.

"బరువెంతేంటి మీది?"

"మూడు వేల నాలుగు వందల పౌన్లు" అన్నాడు లియాండర్. "నీళ్ళు నింపి, సామాను సర్ది, తుక్కు యార్డు కాటా మీద ఎక్కించాను. ఒక్కో టైరు మీద పదిహేడొందలు. పాతవి మోసేదే పదిహేడొందల అరవై. మా ఆవిడ ఇంకో బస్తా బంగాళాదుంపలు వేస్తే సరి, అయిపోయినట్టే. ఇంకో మెట్టు పైరకం ఇవ్వు."

సైలస్ రిమ్ము తిప్పి చూసి, దాని మీద పోతపోసిన అంకె చదివాడు. "రిమ్ము తట్టుకుంటుంది. పైరకం అంటే అరవై అయిదు పట్టాలి మరి. చల్లగా ఉన్నప్పుడు చూసుకుని, పక్కన ఎంత రాసుందో అంతా పట్టాలి. మెత్తగా ఉండాలని ఓ పదీ పదిహేనూ తగ్గించారంటే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. నాకు బేరమే అనుకో."

పాత టైరు రిమ్ము నుంచి ఊడదీసి లోపల చెయ్యి పెట్టి, గుప్పెడు నల్లటి పొడి తీసి నా అరచేతిలో పోశాడు. మిరియాల పొడిలా ఉంది. "ఇది చూడు. గాలి తక్కువ పెట్టి లాగితే పక్క గోడ మడతలు పడి లోపల్లోపలే అరిగిపోతుంది. బయటికి ఏం కనపడదు. దీని మీద ఇంకో ఎనభై కిలోమీటర్లు వెళ్ళేవాళ్ళు కాదు."

లియాండర్ చెయ్యి చాపాడు. ఆ పొడి తన చేతిలోకి ఒంపాను. రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "గుడ్డు" అన్నాడు. సైలస్‌కి అర్థం కాలేదు. నేను చెప్పలేదు. కొన్ని పరువులు ఇంటివాళ్ళే కాపాడాలి.

కొత్త టైర్లు మూడు దొర్లించుకొచ్చాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ వంగి చదివాను. ఒకటి ఈ ఏడుది. ఒకటి ఈ ఏడుదే. మూడోది ఇరవై.

"ఇది మూడేళ్ళ నిలవ" అన్నాను.

"అది స్టెపినీకి తల్లీ, ఏమవుద్ది?"

"స్టెపినీయే కదా అనుకునే హ్యూబర్ట్ రోడ్డు మీద నిలబడింది. ఇంకోటి తీసుకురా."

గొణుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. ఈలోపు లియాండర్ మిగతా రెండింటినీ పడుకోబెట్టి, పక్క గోడలు మొత్తం అరచేత్తో నెమ్మదిగా తడిమాడు. ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ తడిమాడు.

"ఇక్కడ ఉబ్బుంది."

సైలస్ వచ్చి లైటు వేసి చూశాడు. "ఏం లేదయ్యా."

"వేలు పెట్టు."

సైలస్ వేలు పెట్టాడు. రెండోసారి పెట్టాడు. ఆ టైరు పక్కకి దొర్లించి, సుద్దముక్కతో అడ్డగీత గీసి, ఇంకోటి తెచ్చాడు. ఎక్కువ గాలి తట్టుకునేటట్టు రిమ్ముకి గాలి కొట్టే గొట్టం ఇనుపది పెట్టి, టైరు ఎక్కించబోతుంటే లియాండర్, "తేదీ ఉన్న వైపు బయటికి పెట్టు" అన్నాడు.

"అటు పెడితే తెల్ల గీత లోపలికి పోతుంది. చూడ్డానికి అందంగా ఉండదు."

"అందం నాకెందుకు? చదివేది మా ఆవిడ. కింద పాకనక్కర్లేదు."

ఎవరి ముందైనా లియాండర్ ఆ సంగతి ఒప్పుకోవడం అదే మొదటిసారి. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు అంతా వెనక్కి నడపడం నేర్చుకున్నాను. ట్రైలరు తగిలించిన బండిని వెనక్కి నడపడం కన్నా హ్యూబర్ట్‌ని మౌనంగా ఉంచడం తేలిక. సాయంత్రం నేను స్టీరింగు పట్టానని తెలియగానే గుంటలో అందరూ కుర్చీలు తెచ్చుకుని వరసగా కూర్చునేవాళ్ళు.

"వదినా, కుడికి తిప్పితే ఎడమకి పోతది!"

"తెలుసు!"

"తెలిసి కూడా పొదలోకి ఎందుకు పోతన్నావు? బ్లూబెర్రీలు కోద్దామనా?"

లియాండర్ వాడిని పట్టించుకోడు. ట్రైలరు వెనక, మొహం పక్కకి తిప్పి నిలబడేవాడు. అలా నిలబడితేనే నేను ఎటు పోతున్నానో తనకి కనపడుతుంది. "చెయ్యి స్టీరింగు కింది వైపు పెట్టు. ట్రైలరు ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. తొందర లేదు. పాడైతే ఆపు, ముందుకు రా, మళ్ళీ పో." ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో అంత ఓపికగా నాతో మాట్లాడిన నెల లేదు. నెలాఖరుకి ఒక్క ప్రయత్నంలో చెక్కల మీదకి ఎక్కించాను. అవును, చెక్కలే. గుడ్ల విద్య ఆ ఏడుతో ఆగిపోయింది. హ్యూబర్ట్ లేచి నిలబడి టోపీ తీశాడు. తర్వాత రోజు వచ్చి, "నా టైర్లకీ ఓసారి చెయ్యి పెట్టి చూడన్నయ్యా" అన్నాడు. ఆ వారంలో గుంటలో ఉన్న ట్రైలర్లన్నిటి టైర్లూ లియాండర్ చేతి కింద నుంచి వెళ్ళాయి. ఇద్దరు కొత్తవి కొనుక్కున్నారు.

సెప్టెంబరు మొదటి సోమవారం గుంట ఖాళీ అవుతుంది. ఆ పొద్దున గడ్డి మీద మంచు పొర ఉంది. ఎండ తగలకుండా టైర్ల మీద కప్పిన గుడ్డలు తీశాను. కొలత గొట్టం గుచ్చి, "అరవై అయిదు" అన్నాను.

"చదివావా, గుర్తున్నది చెప్పావా?" అన్నాడు లియాండర్.

పుల్లతో సహా గొట్టం తన చేతిలో పెట్టాను. బయటికి వచ్చిన పుల్లని బొటనవేలితో కొలుచుకుని తలూపాడు. రెండో టైరు కొలత తనే చెప్పాడు, నేను చూసి అవునన్నాను. చక్రం నట్లు బిగించే పని తనదే. ఆ రెంచి సరిపడా బిగియగానే 'టక్' అంటుంది, దానికి కళ్ళు అక్కర్లేదు. ఒకటి బిగించి దాని ఎదుటిది, దాని తర్వాత పక్కది వదిలి ఇంకోటి. అయిదు టక్‌లు ఈ పక్క, అయిదు ఆ పక్క.

హైవే ఎక్కాక తొంభై దాటనివ్వలేదు. వెనక లారీవాళ్ళు హారను కొట్టుకున్నారు, కొట్టుకోనిచ్చాను. చక్రాలు విప్పి బిగించాక మొదటి ఎనభై కిలోమీటర్లకి నట్లు మళ్ళీ చూసుకోవాలి. మా ప్రయాణమే ఎనభై. అందుకని సగంలోనే ఆపుకున్నాం. పది నట్లలో ఒకటి పావు చుట్టు తిరిగింది. లియాండర్ రెండు టైర్ల మీదా అరచెయ్యి పెట్టి చూశాడు.

"రెండూ ఒకటే వేడి. పద."

బయల్దేరబోతుంటే నా అల్లిక సంచి సీటు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నన్ను సాధించిన సంగతి అదే. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ పని మూస్ కోసం చూడటం, మేజోళ్ళు అల్లడం కాదు అని. దుప్పి జాతిది, గుర్రం కన్నా ఎత్తు జంతువు, పొదల్లోంచి ఒక్క అంగలో రోడ్డు మీద ఉంటుంది. మా ఊళ్ళో దానికి గుద్దుకుని పోయినవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు.

"నేను దారి చూసుకోవాలి, పొదలు చూడలేను" అన్నాను.

"సరే" అన్నాడు. "మధ్యలోది నువ్వు చూసుకో."

చెరువు పక్క మలుపు తిరిగి దిగువలోకి వచ్చాం. రోడ్డు ఖాళీగా ఉంది. నాకు ఖాళీగానే కనపడింది.

"కుడి పక్క. ఆపు."

బ్రేకు మీద నెమ్మదిగా కాలు వేశాను. ట్రైలరు వెనక నుంచి ఒక్కసారి తోసి, నిలదొక్కుకుని, తిన్నగా ఆగింది. కుడి పక్క నాకింకా ఏమీ కనపడలేదు. పొదలు కదిలాయి. ఆడ మూస్ బయటికి వచ్చి, మా ముందు నుంచి తొందరేమీ లేకుండా నడిచింది. దాని వెనక పిల్ల ఆగి మా బండి వైపు చూసి, తల్లి వెనక పరిగెత్తింది.

లియాండర్ తిన్నగా ముందుకే చూస్తున్నాడు.

"ఎన్ని?" అన్నాడు.

"రెండు" అన్నాను.

"నాకూ రెండే" అని, నా సంచి ఒళ్ళో సర్దుకున్నాడు. "పోనీ."